"ఉచ్చారణ బాగుందమ్మా" అంటే అంత కోపమెందుకు?

ప్రశ్న: నాకు 39 ఏళ్ళు. మా వాళ్ళది నెల్లూరు, నేను పుట్టి పెరిగింది చెన్నైలోనే. కర్ణాటక సంగీతం పాడతాను. ఏటా డిసెంబర్ సీజన్‌లో కొన్ని సభల్లో కచేరీలుంటాయి. నా సమస్య విని నవ్వుతారేమో. కచేరీ అయ్యాక రసికులు వచ్చి చెప్పే మాటలకు నాకు నిద్ర పట్టడం లేదు. "మీది తెలుగు కదా, ఉచ్చారణ బాగుందమ్మా" అంటారు. "ఇవాళ మైకు బాగా కుదిరింది" అంటారు. "చివర పాడిన తిల్లానా బాగుంది", "వయొలిన్ అబ్బాయి భలే వాయించాడు" అంటారు. ముప్పావుగంట కల్యాణి రాగం పాడితే ఒక్కరూ దాని ఊసెత్తరు. మొన్న సీజన్‌లో నెరవల్ (కీర్తనలో ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడటం) చేస్తుంటే సాహిత్యం ఒక్క క్షణం తట్టలేదు. వెనక తంబురా వేస్తున్న మా అక్క మెల్లగా అందించింది. అంతా అయ్యాక ఒక పెద్దాయన నేరుగా అక్క దగ్గరికి వెళ్ళి, "ఎంత పొందిగ్గా అందించావమ్మా! నువ్వూ పాడతావా?" అని అడిగాడు. నా వైపు తిరిగి "పర్లేదు" అన్నాడు. ఆ రోజు నుంచి కచేరీ అవగానే వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోతున్నాను. మా ఆయన ఎప్పుడూ "సూపర్" అంటారు, అది లెక్కలోకి రాదు. అక్క అయితే ఏమీ అనదు. ఆవిడ మెచ్చుకునే రకం కాదు. నాకు సరళీ స్వరాలు చెప్పింది తనే, పెళ్ళయ్యాక పాట వదిలేసింది. అభిమానుల మాటలు పట్టించుకోకుండా ఉండాలంటే ఏం చేయాలి? వాళ్ళని కలవడం పూర్తిగా మానేయనా?
— ఒక గాయని, చెన్నై

జవాబు: మానేయకండి. ముందు గుమ్మంలోనే నిలబడండి, చేతులు జోడించి "సంతోషమండీ" అనండి, ఇంటికి వెళ్ళి పెరుగన్నం తిని పడుకోండి. మీరడిగినదానికి ఇంతకన్నా జవాబు లేదు.

అయినా నొప్పి అంటున్నారు కాబట్టి ఆ రసికుల తరఫున నాలుగు మాటలు. డిసెంబర్‌లో చెన్నై రసికుడు పొద్దున సోదాహరణ ప్రసంగంతో మొదలుపెడతాడు. మధ్యాహ్నం టికెట్ లేని కచేరీలు ఒకటో రెండో వింటాడు, క్యాంటీన్లో కాఫీ తాగుతాడు, సాయంత్రం టికెట్ కొన్న పెద్దవాళ్ళ కచేరీకి పరుగెత్తుతాడు. మీ దగ్గరికి వచ్చేసరికి అతని చెవిలో అప్పటికే రెండు మూడు కల్యాణులు తిరుగుతుంటాయి. పైగా అరియక్కుడి రామానుజ అయ్యంగారు స్థిరపరిచిన పద్ధతిలో పెద్ద కీర్తన నడిమధ్యన వస్తుంది, దాని వెనకే తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం. మృదంగం మొదలవగానే సగం హాలు లేచి క్యాంటీన్ దారి పడుతుందని మీకు తెలియనిది కాదు. మళ్ళీ వచ్చి కూర్చునేసరికి తుక్కడాలు, అదే చివర్లో పాడే చిన్న పాటలు. ఇక గుర్తుండేది తిల్లానాయే. "తిల్లానా బాగుంది" అన్న మనిషి తిల్లానా దాకా కూర్చున్నాడు. సీజన్‌లో అది తక్కువ మర్యాదేమీ కాదు.

ఉచ్చారణ మాట మాత్రం గుచ్చుతుంది, ఒప్పుకుంటాను. త్యాగయ్య తెలుగుని తెలుగావిడ తెలుగులా పలకడం కూడా ఒక గొప్పేనా అని ఒళ్ళు మండుతుంది. పెళ్ళిభోజనం తిని లేచి "అరిటాకులు లేతగా ఉన్నాయండీ" అన్నట్టే ఉంటుంది. కానీ ఆ పెద్దలు జీవితమంతా అర్థం తెలియని తెలుగుని, మాటలు ఎక్కడ పడితే అక్కడ విరిచి పాడగా విన్నవాళ్ళు. మీ నోట మాట విడివిడిగా వినపడితే వాళ్ళకి నిజంగానే హాయిగా ఉంటుంది.

మీకు ఎవరో ఒకరు ఈపాటికి చెప్పే ఉంటారు, త్యాగరాజస్వామి నరస్తుతి వద్దన్నాడు, నీకీ పొగడ్తలెందుకూ అని. నేను ఆ మాట చెప్పను. ఆయన ఉంఛవృత్తితో, ఇంటింటా పాడి తెచ్చుకున్న భిక్షతో బతికిన మహానుభావుడు. మీరు సభ సెక్రటరీ ఫోన్ కోసం ఎదురుచూస్తూ, పక్కవాద్యాలకి కవర్లు సర్దుతూ, పిల్లల ఫీజులు కడుతూ పాడుతున్నారు. విన్నవాళ్ళు నాలుగు మంచి మాటలు అనాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. మీవారి "సూపర్"ని మాత్రం అంత తేలిగ్గా తీసిపారేయకండి, పాపం. సీజన్ అంతా కారు డ్రైవింగ్ ఆయనదే అయ్యుంటుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. మీ ఉత్తరం రెండోసారి చదివాను. మీరు రాసిన పొగడ్తలన్నీ చప్పనివే, ఒక్కటి తప్ప. ఆ పెద్దాయన అన్నది చప్పటి మాట కాదు. శ్రద్ధగా విని, గమనించి, లేచి దగ్గరికి వెళ్ళి చెప్పిన నిండైన మాట. అది మీకు రాలేదు. మీ అక్కకి వచ్చింది. వెనక గుమ్మం వాడటం ఏ రోజు నుంచి మొదలైందో మీరే రాశారు కదా. మైకు గురించీ తిల్లానా గురించీ ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నారు, అప్పుడెప్పుడూ దొడ్డిదారి పట్టలేదు.

ఆ క్షణం ఏం జరిగిందో ఒకసారి మళ్ళీ చూడండి. తంబురా వేయడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. మధ్యవేలు పంచమం మీద, చూపుడువేలు మిగిలిన మూడు తీగల మీద, ఎదురుగా ఎంత తాళం నడుస్తున్నా దానికి లొంగకుండా, రెండున్నర గంటలు ఒకే నడకలో సాగాలి. కాళ్ళు తిమ్మిరెక్కినా కదలకూడదు. అలా కూర్చున్న మనిషి, మీకు మాట తట్టని ఆ అరక్షణంలో, వేళ్ళు ఆపకుండా, ఎత్తుగడ తప్పకుండా మాట అందించింది. ఇది సాయానికొచ్చి కూర్చున్న మనిషి వల్ల అయ్యే పనేనా? మీరు పాడుతున్నంతసేపూ లోపల తనూ పాడుకుంటూ ఉంటేనే అవుతుంది. పాట వదిలేసిందని రాశారే, ఎక్కడ వదిలేసిందమ్మా?

వదిలేసిందో, ఎవరు మాన్పించారో మీరు రాయలేదు. మన ఇళ్ళల్లో పెద్దపిల్ల పాట ఎలా ఆగుతుందో నేను చాలా ఉత్తరాల్లో చదివాను. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరికీ గొంతుంది. పెద్దదానికి సంబంధం కుదురుతుంది. అత్తగారింట్లో "పండగలకి పాడుకోమ్మా, మాకేం అభ్యంతరం లేదు" అంటారు. ఇక్కడ మిగిలిన డబ్బూ, మిగిలిన ఆశా చిన్నదాని సంగీతం మీదికి మళ్ళుతాయి. ఇందులో చిన్నదాని తప్పేమీ లేదు. కానీ ఎవరి వాటా తన దగ్గరికి వచ్చిందో పెద్దయ్యాకైనా తెలియాలి.

"ఆవిడ మెచ్చుకునే రకం కాదు." మీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించిన వాక్యం ఇదొక్కటే. మీకు సరళీ స్వరాలు నేర్పిన మనిషిని, మామూలుగా శిష్యురాళ్ళు కూర్చునే చోట కూర్చోబెట్టారు. ఆవిడ పేరు ఆహ్వానపత్రికలో ఉండదు. వయొలిన్, మృదంగం, ఘటం దాకా పేర్లు చదివి మైకు పక్కన పెట్టేస్తారు. ఇంటికొస్తూ మాత్రం ఆవిడ నోట "భేష్" కావాలి. ఆవిడకేం కావాలో ఎప్పుడైనా అడిగారా? ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దాయన అడిగాడు, "నువ్వూ పాడతావా" అని. పెళ్ళయ్యాక ఆవిడని ఈ ప్రశ్న ఇంకెవరైనా అడిగి ఉంటారా? దానికి మీ అక్క ఏం చెప్పిందో ఉత్తరంలో ఎంత వెతికినా లేదు. మీకు వచ్చిన "పర్లేదు" మాత్రం రాశారు. ఆవిడ జవాబు అసలు విన్నారా?

ఈ విషయంలో నాకో పట్టింపు ఉంది, పాతకాలపుదంటే అననివ్వండి. విద్య చెప్పినవాళ్ళని వెనక కూర్చోబెట్టి, వాళ్ళ మెచ్చుకోలు కోసం చూడకూడదు. ముందు వాళ్ళది వాళ్ళకి ముట్టజెప్పాలి. ఊరందరి పొగడ్తలూ మీకు చప్పగా తగలడానికి కారణం కూడా ఇదేనని నా నమ్మకం. మీ కల్యాణి ఎలా ఉందో తూచి చెప్పగల మనిషి మూడడుగుల వెనకే కూర్చుని ఉంది. ఆవిడ నోరు విప్పదని మీకు దిగులు, విప్పితే ఏమంటుందోనని భయం కూడా. ఆ కోపమంతా తీసుకెళ్ళి గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న రసికుల మీద పెడుతున్నారు.

వెనక తంబురా పట్టినంత మాత్రాన మూగగా కూర్చోవాలని లేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వెనక ఆవిడ కూతురు రాధా విశ్వనాథన్ ఎన్నేళ్ళు కూర్చున్నారో మద్రాసు వాళ్ళకి చెప్పాలా? చేతిలో తంబురా, నోట పాట. 1966లో ఐక్యరాజ్య సమితిలో ఎం.ఎస్. పాడినప్పుడూ పక్కన రాధ గొంతు ఉంది. ఇక అక్కచెల్లెళ్ళు జంటగా పాడటమైతే ఈ ఊరికి అలవాటైన విషయమే. వీణ ధనమ్మాళ్ మనవరాళ్ళు బృంద, ముక్త అలాగే పాడారు. బొంబాయి సిస్టర్స్ దశాబ్దాల పాటు కలిసి పాడి, 2010లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు కూడా కలిసే అందుకున్నారు. మీ సభ సెక్రటరీ గారు దీన్నేమీ వింతగా చూడరు.

అయితే రేపే వెళ్ళి "అక్కా, నాతో పాడు" అనకండి. అది దానం చేస్తున్నట్టు ఉంటుంది, మీ అక్క అభిమానవంతురాలైతే ఛీ పొమ్మంటుంది, అనాలి కూడా. ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళండి, కచేరీ పని లేని రోజు చూసుకుని. ఆ పెద్దాయనకి ఏం జవాబు చెప్పావని అడగండి. తర్వాత ఆ రోజు కచేరీ రికార్డింగ్ పెట్టి, నెరవల్ ఎక్కడ జారిందో చెప్పమనండి. "ఎలా ఉంది" అని మాత్రం అడగకండి, దానికి ఎవరైనా బాగుందనే అంటారు. ఆవిడ చెప్తున్నప్పుడు "గొంతు బాలేదు, మృదంగం తొందరపెట్టాడు" లాంటివి మధ్యలో తేకండి. నోరు మూసుకుని వినండి. పాడి చూపిస్తే పాడనివ్వండి. మీకన్నా బాగా పాడితే, బాగుందని చెప్పండి. పొడిపొడిగా చెప్పకండి, ఏ సంగతి ఎందుకు నచ్చిందో విడమర్చి చెప్పండి. నలుగురు మీకెలా చెప్పాలని కోరుకుంటున్నారో అలా.

ఇంకోటి, డబ్బు సంగతి. వయొలిన్‌కీ మృదంగానికీ కవరు ఇస్తున్నారు కదా, అక్కకి? ఏడాదికో పట్టుచీర పెడుతున్నానంటారు మీరు. చీర వేరు, సంభావన వేరు. వచ్చే కచేరీ నుంచి కవరు ఇవ్వండి, అందరి ముందు ఇవ్వండి. "నా దగ్గర డబ్బులేంటే" అని ఆవిడ కసురుకుంటే కసురుకోనివ్వండి. పత్రిక అచ్చుకి వెళ్ళేముందే సెక్రటరీకి ఫోన్ చేసి పేరు వేయించండి. పాడటానికి ఒప్పుకుంటే సహగానం అని, ఒప్పుకోకపోతే తంబురా అని.

ఒప్పుకుని పాడితే జనం ఆవిడనే మెచ్చుకోవచ్చు, మళ్ళీ మిమ్మల్ని చూసి "పర్లేదు" అనవచ్చు. అదీ జరుగుతుంది, సిద్ధంగా ఉండండి. అప్పుడు కూడా దొడ్డిదారి పట్టారని తెలిస్తే నా రెండో జవాబు ఇంత మెత్తగా ఉండదు.

పాడటమూ వద్దు, పేరూ వద్దు, అలవాటైపోయింది ఊరికే కూర్చుంటాను అంటుందనుకోండి. అప్పుడు ఆ చోటు నుంచి లేపేయండి. శ్రుతి పెట్టె ఉంది, ఫోన్లో యాప్ ఉంది, తంబురా వేయడానికి ఏ శిష్యురాలో దొరుకుతుంది. మీ అక్కకి ముందు వరుసలో కుర్చీ వేయించండి, పాడేటప్పుడు మొహం కనపడే చోట.