చార్మినార్ దగ్గర ముత్యాల సెట్, వజ్రాల దిద్దులు కొనేటప్పుడు క్వాలిటీ ఎలా చూడాలి?

చెల్లి పెళ్ళికి ముత్యాల సెట్టు, వజ్రాల దిద్దులు తీసుకుందామనుకుంటే ఒక షాపువాళ్ళు ‘ట్రిపుల్ ఏ’ అంటున్నారు, ఇంకొకరు ‘ఏ ప్లస్’ అంటున్నారు, ఎవరిని నమ్మాలి అని అడిగారు. చార్మినార్ పక్కనే ఉన్న పత్తర్‌గట్టి షాపులకు ముత్యాల దండలు గుచ్చి ఇచ్చే పని మా ఇంట్లో అమ్మ కాలం నుంచి ఉంది. తెగిన దండలు పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందు ఆ అక్షరాల సంగతి. ముత్యాలకు అందరూ ఒప్పుకున్న ‘ఏ’ గ్రేడులంటూ ఏవీ లేవు. ఒక షాపులో ట్రిపుల్ ఏ అన్నది పక్క షాపులో డబుల్ ఏ కావచ్చు. వజ్రాలకు అలా కాదు, జీఐఏ అనే అమెరికా రత్న పరీక్షా సంస్థ కొలమానాన్నే దాదాపు ప్రపంచమంతా వాడుతుంది. కాబట్టి ముత్యాన్ని మీరే కళ్ళారా చూసి తేల్చుకోవాలి. వజ్రానికి మాత్రం షాపుతో సంబంధం లేని ల్యాబ్ సర్టిఫికెట్ అడగాలి.

ముత్యంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది మెరుపు. సైజు, గుండ్రదనం ఆ తర్వాతే. షాపు లైట్ల కింద అన్నీ మెరుస్తాయి, అందుకే దండను గుమ్మం దగ్గర పగటి వెలుతురులో తెల్ల గుడ్డ మీద పెట్టి చూడండి. ముత్యం మీద పడే వెలుగు అంచు స్పష్టంగా ఉంటే మంచిది. వెలుగు చెదిరిపోయి, సుద్ద పూసినట్టు పాలిపోయి కనిపిస్తే ఎంత పెద్ద ముత్యమైనా వద్దు. ఒక్క దండనే చూస్తే ఈ తేడా పట్టుకోలేరు. తక్కువ ధరదీ ఎక్కువ ధరదీ పక్కపక్కన పెట్టించండి, ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. తర్వాత దండను గుడ్డ మీద మెల్లగా దొర్లించండి. గుండ్రంగా లేనివి, బెజ్జం పక్కకు పడినవి ఎగుడుదిగుడుగా కదులుతాయి.

నేనైతే నేరుగా బెజ్జం దగ్గరే చూస్తాను. లూప్ అనే చిన్న భూతద్దం అడిగితే షాపులోనే ఇస్తారు. నకిలీ ముత్యమైతే గాజు పూస మీదో ప్లాస్టిక్ మీదో వేసిన పూత ఆ అంచున పెచ్చులుగా లేచి కనిపిస్తుంది. రంగు వేసిన ముత్యమైతే ఆ రంగు అక్కడ చిక్కగా పేరుకుంటుంది, ఒక్కోసారి దారానికి కూడా అంటుతుంది. నల్ల ముత్యాలను ‘తాహితి’ (సహజంగానే ముదురు రంగులో ఉండే సముద్రపు ముత్యాలు) అని చెప్పి అమ్మినప్పుడు ఇది తప్పకుండా చూడండి. రంగు వేయడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. పంటి అంచుకు మెల్లగా రాస్తే అసలు ముత్యం కాస్త గరగరలాడుతుంది, నకిలీ జారిపోతుంది. కొందరు లైటర్ వెలిగించి ముత్యానికి మంట చూపిస్తారు. దానివల్ల అది ప్లాస్టిక్ కాదని తప్ప ఏమీ తెలియదు, పైగా వేడి ముత్యానికి మంచిది కాదు. మీరు కొనబోయే దండ మీద మాత్రం ఆ పని చేయనివ్వకండి.

హైదరాబాద్ ముత్యాలంటే ఇక్కడ పుట్టినవి కావు. ఒకప్పుడు గల్ఫ్ నుంచి సహజమైన బస్రా ముత్యాలు వచ్చేవి, నిజాం నగల్లో ఏడు వరసల బస్రా హారం కూడా ఉంది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా చైనాలో మంచినీటి ఆల్చిప్పల్లో పెంచిన కల్చర్డ్ ముత్యాలు. అవీ అసలు ముత్యాలే, వాటిలో చాలావరకు ముత్యం పెరగడానికి లోపల పెట్టే పూస ఉండదు, మొత్తం ముత్యపు పదార్థమే. ‘అసలైన బస్రా’ అని ఎవరైనా పెద్ద ధర చెబితే మాత్రం ఎక్స్‌రే తీసి ఇచ్చిన ల్యాబ్ రిపోర్టు లేకుండా డబ్బు కట్టకండి, కంటితో అది తేలదు. గుత్తపూసల హారమైతే చిన్న ముత్యాలు ఒకదానితో ఒకటి రంగు కలిశాయో లేదో చూస్తే చాలు.

ఇక వజ్రాలు. ఇవి నేను గుచ్చేవి కావు కానీ మా బంధువుల్లో సెట్టింగ్ పనివాళ్ళున్నారు, ఇంట్లో పెళ్ళిళ్ళకు వాళ్ళతోనే వెళ్ళి కొన్నాం. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే 100 సెంట్లు. ఏడు రాళ్ళు కలిపి ఒక క్యారెట్ అయితే ధర ఒకటి, ఒకే రాయి క్యారెట్ ఉంటే దాని ధర దానికన్నా చాలా ఎక్కువ. రెంటినీ పోల్చి బేరం చేయకండి. మెరుపు అంతా కట్‌లోనే, అంటే రాయిని చెక్కిన తీరులోనే ఉంటుంది, డబ్బు అక్కడ పెట్టండి. క్లారిటీని, అంటే రాయిలో మచ్చలు, లోపాలు ఎంత తక్కువ ఉన్నాయన్నది, 10 రెట్లు పెద్దగా చూపే లూప్‌తో చూసి నిర్ణయిస్తారు, అందులో పై గ్రేడు వీవీఎస్‌కూ దాని కింది వీఎస్‌కూ తేడా మామూలు కంటికి తెలియదు. ఏడు రాళ్ళ దిద్దులు వెనక మూసేసి కట్టినవైతే రాయి రంగు, లోపాలు దాగిపోతాయి. వెనక తెరిచి ఉన్న సెట్టింగే అడగండి.

పెన్ను లాంటి టెస్టర్ బీప్ అనగానే నిశ్చింత పడకండి. ల్యాబ్‌లో తయారైన వజ్రం కూడా బీప్ అంటుంది, వజ్రంలా కనిపించే మోయిసనైట్ అనే వేరే రాయి కూడా చాలా టెస్టర్లను దాటేస్తుంది. ల్యాబ్ వజ్రం నకిలీ కాదు, అదీ కార్బనే, గట్టిదనం కూడా అంతే. కానీ ధర ఎంతో తక్కువ, మళ్ళీ అమ్మితే వచ్చేదీ తక్కువే. అందుకే సర్టిఫికెట్‌లో సహజమా, ల్యాబ్‌దా అన్నది చూసి, ఆ నంబరును ల్యాబ్ వెబ్‌సైట్‌లో అక్కడే కొట్టి చూడండి. సాలిటేర్ (ఒంటి పెద్ద రాయి) అయితే చాలాసార్లు అదే నంబరు రాయి అంచు మీద లేజర్‌తో రాసి ఉంటుంది. బీఐఎస్ హాల్‌మార్క్ నగలోని బంగారానికే, రాయికి కాదు.

బిల్లులో రాళ్ళ బరువు తీసేసి బంగారం బరువు విడిగా రాయించండి, లేకపోతే రాళ్ళకూ బంగారం రేటు కడతారు. వజ్రాన్ని తిరిగి ఎంతకు తీసుకుంటారో కూడా రాతపూర్వకంగా ఉండాలి. ముత్యాలకు తిరిగి అమ్మకం విలువ పెద్దగా ఉండదు, వేసుకోవడానికే కొనుక్కోండి.

పెళ్ళిలో సెంటు కొట్టుకున్నాక, చివర్లో ముత్యాలు వేసుకోమని చెల్లికి చెప్పండి. తీశాక మెత్తని గుడ్డతో చెమట తుడిచి, బంగారంతో కలపకుండా గుడ్డ సంచిలో పెట్టాలి. ఒక్కో ముత్యానికీ మధ్య ముడి వేసి పట్టుదారంతో గుచ్చి ఇమ్మని షాపువాళ్ళను అడగండి. కొంచెం ఎక్కువ తీసుకుంటారు, కానీ దారం తెగినా మండపంలో ముత్యాలు చెల్లాచెదురు కావు.