పెద్దాడి సంచి సర్దకు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పాపకి ల్యుకేమియా, అదే రక్త క్యాన్సర్, అని తెలిసిన రోజు నుంచి నువ్వు ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి మందూ, రక్త పరీక్షలో వచ్చే ప్రతి కౌంటూ రాసుకుంటున్నావట. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయని డాక్టర్ని నువ్వే ముందుగా అడుగుతున్నావట. విని ఎంత గర్వంగా అనిపించిందో! ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది. ఉద్యోగం మానేస్తావట, ఆస్పత్రిలో నువ్వొక్కదానివే ఉంటావట, ట్రీట్‌మెంట్ అయ్యేదాకా పెద్దాడిని మీ అత్తగారింటికి పంపేస్తావట. ఆ చివరి మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

"అయ్యేదాకా" అంటే ఎంతకాలమో లెక్క వేసుకున్నావా? పాపకి వచ్చిన ఎ.ఎల్.ఎల్. అనే ల్యుకేమియా రకానికి మొదట నెల రోజుల ఇండక్షన్ అనే తొలి విడత, తర్వాత కొన్ని నెలలు గట్టి కీమో, ఆ పైన ఇంట్లోనే ఉండి మాత్రలు వేసుకునే మెయింటెనెన్స్. అంతా కలిపి రెండేళ్లు, రెండున్నరేళ్లు. ఎనిమిదేళ్ల పిల్లాడికి అది వాడు బతికిన బతుకులో పావు వంతు.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తాను. చేతులు కడుక్కోకుండా ఎవరినీ పాప దగ్గరికి రానివ్వకు, ఎవరు నొచ్చుకున్నా సరే. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు పడ్డాక మలబద్ధకం వస్తుంది, ముందే అడిగి మందు రాయించుకో. నోరు పూసినప్పుడు తినమని బలవంతం చేయకు. జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది. దాని ముందు మాత్రం ఏడవకు.

జ్వరం చిన్న సంగతి కాదు. థర్మామీటర్ 100.4 ఫారెన్‌హీట్ చూపించిందంటే అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. వాళ్లని అడగకుండా పారాసిటమాల్ వేయొద్దు, జ్వరం కనబడకుండా పోతుందే కానీ లోపలి ఇన్ఫెక్షన్ పోదు. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల కణాలు, న్యూట్రోఫిల్స్, 500 కన్నా తగ్గిన పిల్లకి జ్వరం వస్తే యాంటీబయాటిక్ గంటలోపు పడాలంటారు. అందుకని ఒక సంచి ఎప్పుడూ సర్ది తలుపు పక్కనే ఉంచు. నువ్వు సర్దాల్సిన సంచి అదొక్కటే. ఇప్పటికీ ఏ పిల్లాడి నుదురు వేడిగా తగిలినా నా కాళ్లు వణుకుతాయి.

ఇక పెద్దాడి సంగతి. నువ్వు అనుకున్నట్టే నేనూ అనుకున్నాను. మా వాడికి, మీ అన్నయ్యకి, ఇదే జబ్బు వచ్చినప్పుడు మూడేళ్లు, మీ అక్కకి ఏడు. ఆస్పత్రి గోల దానికెందుకు, అమ్మమ్మ దగ్గర హాయిగా ఉంటుందిలే అని పంపేశాం. తమ్ముడికి ఒంట్లో బాగాలేదు అన్నామే తప్ప జబ్బు పేరు చెప్పలేదు. వారానికోసారి ఫోన్ చేసేదాన్ని. ప్రతిసారీ ఒకటే అడిగేది: "తమ్ముడి కాలి మీద మచ్చ పోయిందా?" నేను మామూలుగానే చెప్పేదాన్ని, "అది పోయిందమ్మా, ఇంకోటి వచ్చింది" అని. ప్లేట్‌లెట్లు పడిపోయి వాడి ఒళ్లంతా కమిలిన మచ్చలు లేస్తున్న రోజులవి. అవతల కాసేపు మాట వినపడేది కాదు. లైను బాగాలేదనుకునేదాన్ని.

అయిదు నెలలకి ఇంటికి తెచ్చాం. వాడు అక్కా అంటూ వచ్చి మీద పడబోతే ఇది గోడకి అతుక్కుపోయింది. రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. మంచం మీద కూర్చున్నా చేతులు తొడల కింద పెట్టుకునే కూర్చునేది. అలకేమో అనుకున్నాను. ఒకరోజు విసుగొచ్చి, "వాడి చెయ్యి పట్టుకుంటే నీకేం పోతుంది?" అని కసిరాను. అప్పుడు చెప్పింది. జబ్బు తెలియడానికి వారం ముందు బొమ్మ కోసం వాడిని తోసిందట. కాలు బల్లకి తగిలి నల్లగా కమిలిందట. ఆ మచ్చ ఎన్నాళ్లకీ తగ్గకపోతేనే కదా మేం డాక్టర్ దగ్గరికి వెళ్లింది! తన వల్లే వాడికి జబ్బు చేసిందని, అందుకే తనని పంపేశామని ఆ పసిది అయిదు నెలలు లోలోపలే కుమిలిపోయింది. నేను ఫోన్లో చెప్పిన ప్రతి కొత్త మచ్చా తన ఖాతాలోనే వేసుకుంది.

ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు. వాళ్లు ఒకరినొకరు తోసుకుంటే ఇప్పటికీ దాని మొహం పాలిపోతుంది.

నీ భయం నాకు తెలుసు తల్లీ. స్కూలు నుంచి వాడు ఏదైనా అంటించుకొస్తాడని. వాడికి జలుబో జ్వరమో ఉన్న నాలుగు రోజులు వేరే గదిలో పడుకోబెట్టు, లేదా నా దగ్గరికి పంపు. అది వేరు, రెండేళ్లు పంపేయడం వేరు. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ వస్తే ఆ రోజే చెప్పమని టీచర్‌ని అడిగి పెట్టుకో. పాప ఆటలమ్మ వచ్చిన వాళ్ల దగ్గరికి వెళ్లిందని తెలిస్తే జ్వరం వచ్చేదాకా ఆగకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. పెద్దాడికి ఏ టీకా వేయించాలన్నా ముందు పాప డాక్టర్‌ని అడుగు.

వాడికి జబ్బు పేరు చెప్పు. ఎముక మూలుగలో రక్తం తయారవుతుందని, అక్కడ కొన్ని కణాలు సరిగా ఎదగకుండానే సంఖ్యలో పెరిగిపోయి మంచివాటికి చోటు లేకుండా చేస్తున్నాయని చెప్పు. ఇది అంటుకునేది కాదని, ఎవరు కొట్టినా తిట్టినా వచ్చేది కాదని, వాడు అడగకపోయినా చెప్పు.

ఒక పని కూడా అప్పజెప్పు. మెయింటెనెన్స్‌లో మెర్కాప్టోప్యూరిన్ అనే మాత్ర ప్రతి రాత్రీ వేయాలి, మానకూడదు. మెథోట్రెక్సేట్ అనే ఇంకో మాత్ర వారానికి ఒక్క రోజే, పొరపాటున రోజూ వేస్తే ప్రమాదం. మాత్ర నువ్వు వెయ్యి, క్యాలెండర్ మీద గుర్తు వాడు పెడతాడు. మా ఇంట్లో ఆ పని చివరికి మీ అక్కే చేసింది. పడుకునే ముందు దానికి మందులు కనిపెట్టిన శాస్త్రవేత్త యెల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పేదాన్ని. 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్, అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చాక కొందరు పిల్లల్లో ల్యుకేమియా కొన్నాళ్లయినా వెనక్కి తగ్గిందని ప్రకటించాడు. ఆ మందూ, మెథోట్రెక్సేటూ సుబ్బారావు గారు నడిపించిన ల్యాబ్‌లోవే. "మన తెలుగాయనే?" అని రోజూ అడిగేది, ఎన్నిసార్లు చెప్పినా.

స్టెరాయిడ్ రోజుల్లో పాప అర్ధరాత్రి లేచి తిండి అడుగుతుంది, చిన్న విషయానికే పెద్దగా అరుస్తుంది. అది మందు చేసే పని, నీ పెంపకం తప్పు కాదు. అయినా అన్నని కొడితే ఊరుకోకు, వాడు చూస్తుంటాడు.

ఇక నువ్వొక్కదానివే అన్నావు చూడు, ఆ మాటకి నీ మీద కోపం వచ్చింది. మందుల లెక్క మీ ఆయనకీ నేర్పు. అతనికి చేతకాదని కాదు, నువ్వు వదలవు. నాకు తెలుసు, నేనూ వదలలేదు.

శనివారం సాయంత్రానికి వస్తున్నాను. ఆ రాత్రి వార్డులో పాప పక్కన నేను పడుకుంటాను, నీ నోట్‌బుక్ నాకిచ్చి వెళ్లు. నువ్వు ఇంటికెళ్లి పెద్దాడి పక్కన పడుకో. దీపం తీసేశాక పిల్లలు అడుగుతారు.

నీ పెద్దమ్మ