పొలం బేరం ఇప్పుడే వద్దు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్. మా చెల్లెలి మూలకణాలతో వెల్లూరులో మార్పిడి చేశారు. తెల్లకణాల కౌంట్ ఇంకా లేవలేదు, ఇన్‌ఫెక్షన్ మందులకు లొంగడం లేదు. తెల్లకణాలు ఎక్కించాలి, దాతలను తెచ్చుకోమన్నారు. తమ్ముడి హెల్త్ పాలసీ దాదాపు అయిపోయింది. నాకు 4 లక్షల ఎఫ్‌డీ, ఎకరన్నర పొలం ఉన్నాయి. పొలం అమ్మనా, నూటికి రెండు రూపాయల వడ్డీకి తేనా?

జవాబు: ఇప్పటికైతే రెండూ వద్దు. రెండు రూపాయలంటే 3 లక్షలకు ఏడాదికి 72 వేలు. ఆస్పత్రిలో మనిషిని పెట్టుకుని అమ్మేవాడికి పొలం ధర ఎలా పలుకుతుందో మీకు తెలియంది కాదు.

తెల్లకణాలు ఎక్కించడం మార్పిడిలా ఒక్కసారి కట్టే ప్యాకేజీ కాదు. సేకరించిన తెల్లకణాలను 24 గంటల్లోపే ఎక్కించాలి, ఒంట్లోనూ అవి ఎక్కువసేపు నిలవవు. అందుకే తమ్ముడి ఎముక మజ్జ సొంతంగా కణాలు తయారుచేసేదాకా రోజూనో, రోజు విడిచి రోజో ఎక్కిస్తుంటారు. ఫలితం మీద వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. కాబట్టి ఎన్ని రోజులు చూసి ఆపుతారో డాక్టరును మొహమాటపడకుండా అడగండి. మీ బడ్జెట్ ఆ జవాబును బట్టే ఉంటుంది.

ఒక్కో దాతకు ముందు పరీక్షలు, కణాలు పెరగడానికి ముందురోజు ఇంజెక్షన్, మాత్రలు, తర్వాత రక్తంలోంచి తెల్లకణాలు వేరుచేసే మిషన్ మీద కొన్ని గంటలు. ఆ మిషన్‌కు తగిలించే కిట్ ఒక్కసారికే పనికొస్తుంది. పదిమందిని ఒకే సుమోలో ఎక్కించుకుని వెళ్లారనుకోండి, లాడ్జి బిల్లు తప్ప మిగిలేదేం లేదు. ఇద్దరిద్దరుగా పిలిపించండి. మార్పిడి తర్వాత బ్లడ్ గ్రూపే మారిపోవచ్చు, ఏ గ్రూపువాళ్లు కావాలో బ్లడ్ బ్యాంకులో రాయించుకున్నాకే బస్సెక్కించండి. ఛార్జీలు, భోజనం మీరు పెట్టుకోవచ్చు. కానీ ఇంతిస్తే మనిషిని తెస్తానని గేటు దగ్గర ఎవరైనా అంటే దూరం జరగండి. డబ్బుకు రక్తమివ్వడం మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం.

కిట్, దాత పరీక్షల బిల్లు దాత పేరున వస్తే బీమావాళ్లు కొర్రీ వేసే అవకాశముంది. తమ్ముడి ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు మీదే వేయమని అడగండి. పాలసీలో మిగిలింది ఎంతైనా వదులుకోవద్దు.

ఎఫ్‌డీని పగలగొట్టకండి. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకుంటే చాలా బ్యాంకుల్లో 90 శాతం దాకా, అంటే 3.6 లక్షల వరకు ఇస్తారు. ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువ, అదీ వాడుకున్నంతకే. రోజువారీ బిల్లులకు ఇంతకంటే అనువైనది లేదు. చాలకపోతే బ్యాంకులో బంగారం పెట్టండి. మీది బంగారం ఊరు, కానీ ప్రైవేటు కుదువ జోలికి పోవద్దు. బీమా ఇవ్వని మొత్తానికి ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. ఒరిజినల్ బిల్లులు జాగ్రత్తచేసి, ఎమ్మెల్యే ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి.

అప్పటికీ పొలం తప్పదంటే అరెకరం మాత్రమే బేరం పెట్టండి.

తమ్ముడు మీ మీదే ఆధారపడి, మీరు పాత పన్ను విధానంలో ఉంటే 2025-26 ఆదాయపు పన్ను రిటర్నులో సెక్షన్ 80డీడీబీ (జబ్బుల వైద్య ఖర్చు) కింద 40 వేల వరకు మినహాయింపు వస్తుంది. బీమా ఇచ్చింది అందులోంచి తీసేస్తారు. స్పెషలిస్టు ప్రిస్క్రిప్షన్ ఇప్పుడే తీసి పెట్టుకోండి.