గార్సియా అనే ఇంటిపేరు ఉన్నవాళ్ళందరూ స్పెయిన్ సంతతేనా?

మీరు అడిగింది ఇది: ఆఫీసులో ఇద్దరు గార్సియాలు ఉన్నారు, ఒకాయనది మెక్సికో, ఒకావిడది ఫిలిప్పీన్స్. ఇద్దరూ స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళ వారసులేనా, ఎక్కడో ఒకచోట చుట్టరికం కలుస్తుందా, అసలు ఆ పేరు ఎక్కడ పుట్టింది?

చుట్టరికం కలవదనే అనుకోండి. ఎందుకో చెప్పాలంటే ముందు నాకు జరిగింది చెప్పాలి.

నాది వైజాగ్. మర్చంట్ నేవీలో ఇంజిన్ సైడ్ పధ్నాలుగేళ్ళు చేశాను. ఓడ ఏ కంపెనీదైనా, జెండా ఏ దేశానిదైనా, డెక్ మీదా ఇంజిన్ రూమ్‌లోనూ చాలామంది ఫిలిప్పీన్స్ వాళ్ళే ఉంటారు. ఒక కాంట్రాక్ట్‌లో మా ఓడలో ముగ్గురు గార్సియాలు పడ్డారు: బోసన్ (డెక్ మీద పనివాళ్ళ పెద్ద), ఆయిలర్ (ఇంజిన్ రూమ్‌లో నూనె పని చూసేవాడు), చీఫ్ కుక్. ముగ్గురివీ మూడు వేరు వేరు దీవులు. ఒకరికొకరు ఏమీ కారు. ఓడ మీద సర్‌నేమ్‌తో పిలవడం అలవాటు కాబట్టి "గార్సియా!" అని కేకేస్తే ముగ్గురూ తిరిగి చూసేవారు. చివరికి బోసన్, ఆయిల్ గార్సియా, రైస్ గార్సియా అని స్థిరపడ్డాయి.

పెరూలో కయావో రేవుకి వెళ్ళాం. ఇమిగ్రేషన్ అధికారి పైకొచ్చి క్రూ లిస్ట్ తిరగేశాడు. గార్సియా, గార్సియా, గార్సియా, రెయెస్, శాంతోస్, దేలా క్రూజ్. మొహం వెలిగిపోయింది. ఇంతమంది మనవాళ్ళే అనుకున్నాడేమో, బోసన్ చెయ్యి పట్టుకుని స్పానిష్‌లో దంచేశాడు. బోసన్ నా వైపు తిరిగి "సార్, ఏమంటున్నాడు?" అన్నాడు. నాకొచ్చిందల్లా గ్రాసియాస్ ఒక్కటే. రేవులో మా ఓడ పనులు చూసే ఏజెంట్ మధ్యలోకొచ్చి, వీళ్ళకి స్పానిష్ రాదని చెప్తే ఆ అధికారి నమ్మలేదు. ఆయన చొక్కా మీద నేమ్‌ప్లేట్ చూశాను. కీస్పె. స్పానిష్ పేరు కాదది. ఇన్కా సామ్రాజ్యం నాటి కెచువా భాషలో స్ఫటికం, గాజు అని అర్థం వచ్చే మాట నుంచి వచ్చింది. పెరూలో మీరు ఎక్కువగా వినే ఇంటిపేర్లలో అదొకటి. స్పానిష్ మాతృభాషగా ఉన్న మనిషికి అమెరికా మూలవాసుల పేరు, స్పానిష్ ముక్క రాని ముగ్గురికి అచ్చమైన స్పానిష్ పేరు. ఆ రాత్రి నుంచి నాకు ఈ ఇంటిపేర్ల పిచ్చి పట్టుకుంది.

ఇక పుట్టుక సంగతి. గార్సియా మొదట ఇంటిపేరు కాదు, మనిషి పేరు. మనకి రామయ్య, సుబ్బయ్య లాగా. స్పెయిన్ ఉత్తరాన, పిరెనీస్ కొండల దగ్గర బాస్క్ భాష మాట్లాడే ప్రాంతంలో పుట్టిందని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. అర్థం దగ్గరే పేచీ. బాస్క్‌లో ఎలుగుబంటిని 'హార్ట్స్' అంటారు, అందులోంచి వచ్చిందని కొందరు, పడుచువాడు అనే అర్థమున్న 'గాస్తె' నుంచని ఇంకొందరు. ఎలుగుబంటి కథే బాగుంటుంది కాబట్టి ఇంటర్నెట్ అంతా అదే తిరుగుతోంది. తేలిన విషయం మాత్రం కాదు. తొమ్మిదో శతాబ్దంలోనే ఆ వైపే ఉన్న పాంప్లోనా రాజ్యాన్ని గార్సియా ఇన్యీగెస్ అనే రాజు ఏలాడు, అంటే పేరు అప్పటికే రాజుల ఇళ్ళలో ఉంది. అక్కడి నుంచి లియోన్, కాస్తీల్ రాజ్యాలకి పాకింది. ఆ రాజ్యాలు దక్షిణంగా విస్తరించి 1492లో గ్రెనడాని గెలిచేసరికి పేరు కూడా వాళ్ళ వెంట దేశమంతా దిగింది.

మనిషి పేరు ఇంటిపేరు ఎలా అయింది అంటే, అప్పట్లో తండ్రి పేరుకి 'ఎజ్' చేర్చి కొడుకుని పిలిచేవారు. రోడ్రిగో కొడుకు రోడ్రిగెజ్, ఫెర్నాండో కొడుకు ఫెర్నాండెజ్, సాంచో కొడుకు సాంచెజ్. తమిళులు తండ్రి పేరుని ఇనీషియల్‌గా పెట్టుకున్నట్టే, తరం మారితే ఇదీ మారిపోయేది. తర్వాత ఎక్కడో ఒకచోట ఆగి స్థిరపడింది. 1563లో కాథలిక్కుల ట్రెంట్ మత సభ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు చర్చిలో రిజిస్టరు రాయాల్సిందేనని నిర్ణయించాక పేర్లు గట్టిపడ్డాయి. గార్సియాకీ 'గార్సెస్' అనే కొడుకు రూపం ఉంది, ఇప్పటికీ కొన్ని కుటుంబాలకి అదే ఇంటిపేరు. కానీ ఎక్కువమంది తోక లేకుండా గార్సియా దగ్గరే ఆగిపోయారు.

మీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. వందల ఊళ్ళలో వందలమంది గార్సియాలు ఉండి, ఎవరి పిల్లలు వాళ్ళు గార్సియాలు అయ్యారు. ఒక మూలపురుషుడు లేడు. మనలో ఇంటిపేరు ఒకటే అయినా గోత్రం వేరైతే సంబంధం కలుపుకుంటారు కదా, అలాంటిదే. ఇప్పుడు స్పెయిన్‌లో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే. తండ్రివైపు పేరుగా ఉన్నవాళ్ళే పధ్నాలుగు లక్షలు దాటతారు, ప్రతి వందమందిలో దాదాపు ముగ్గురు. ఉత్తర, మధ్య స్పెయిన్‌లో 'గార్థియా' అంటారు, లాటిన్ అమెరికాలో 'గార్సియా'. ఎవరు పలికినా 'సి' దగ్గర సాగదీస్తారు. మనవాళ్ళు 'గా' మీద నొక్కుతారు, అదే తేడా.

అమెరికా ఖండాలకి వెళ్ళిన దారి అందరికీ తెలిసిందే. తొలి రోజుల్లో ఓడలన్నీ దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్ రేవు నుంచే బయల్దేరాలి కాబట్టి ఆ చుట్టుపక్కల అండలూసియా, ఎక్స్‌ట్రెమదూరా మనుషులు ఎక్కువగా వెళ్ళారు. వాళ్ళ పిల్లలు గార్సియాలు, సరే. వాళ్ళతోపాటు బాప్తిస్మం పొందిన మూలవాసులకి, బాప్తిస్మంలో పక్కన నిలబడే జ్ఞానపితదో, భూమి మీద పెత్తనం చేసే దొరదో ఇంటిపేరు పెట్టారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ళకి యజమాని పేరు అంటించారు. అందుకే మీ మెక్సికో గార్సియా ముత్తాతల్లో స్పెయిన్ మనిషి ఉండొచ్చు, లేకపోవచ్చు కూడా. పేరు చూసి చెప్పలేం. మెక్సికోలో మొదటి స్థానం హెర్నాండెజ్‌ది, తర్వాతే గార్సియా. అర్జెంటీనా, చిలీలలో గొంజాలెజ్ ముందుంటుంది. యుకతాన్ వైపు వెళితే పెచ్, చాన్ లాంటి మాయా పేర్లు ఈనాటికీ ఇంటిపేర్లే.

మెక్సికో నుంచి అమెరికాకి చేరాక సంగతి ఇంకా తమాషా. 1990 జనగణనలో గార్సియా అక్కడ పద్దెనిమిదో స్థానంలో ఉండేది. 2000కి ఎనిమిది, 2010కి ఆరు. అప్పటికి 11,66,120 మంది. మిల్లర్, డేవిస్ దాని కిందకి జారిపోయారు. అయితే టెక్సాస్‌లో, న్యూ మెక్సికోలో చాలా పాత కుటుంబాలు సరిహద్దు దాటి వచ్చినవి కావు. 1848లో మెక్సికో ఆ భూముల్ని అమెరికాకి వదులుకోవడంతో సరిహద్దే వాళ్ళని దాటింది.

ఫ్రాన్స్‌లో కూడా గార్సియా బాగా కనబడుతుంది. 1939లో స్పెయిన్ అంతర్యుద్ధం చివర్లో నాలుగైదు లక్షలమంది కొండలు దాటి ఫ్రాన్స్‌లోకి పారిపోయారు, చాలామంది అక్కడే ఉండిపోయారు. అల్జీరియాలో ఒరాన్ చుట్టూ స్థిరపడ్డ స్పానిష్ కుటుంబాలు 1962లో స్వాతంత్ర్యం వచ్చాక అక్కడికే చేరాయి.

ఇక ఫిలిప్పీన్స్. నన్నడిగితే అసలు కథ ఇదే.

స్పెయిన్ ఆ దీవుల్ని మూడు వందల ఏళ్ళకి పైగా ఏలింది కానీ, అక్కడికి వెళ్ళిన స్పెయిన్ మనుషులు చాలా తక్కువ. మెక్సికోలోని అకాపుల్కో నుంచి పసిఫిక్ అంతా దాటి మనీలా వెళ్ళాలి. 1565 నుంచి 1815 దాకా ఆ దారిలో తిరిగే గాలియన్ అనే పెద్ద తెరచాప ఓడలే ఆధారం. ప్రయాణంలో చావకుండా చేరితే అదే గొప్ప. అక్కడి జనం క్రైస్తవంలోకి మారాక, ఇంటిపేరు అక్కర్లేని సమాజం కాబట్టి, నచ్చిన దేవుడి పేరు పెట్టుకున్నారు. దే లా క్రూజ్ అంటే శిలువకి చెందిన, దే లోస్ శాంతోస్ అంటే పునీతులకి చెందిన. ఒకే ఇంట్లో అన్నదమ్ములకి తలో పేరు. ఊరంతా మాత్రం నాలుగైదు పేర్లే. పన్ను వసూలు చేసేవాడికి ఎవడు కట్టాడో, ఎవడు ఎగ్గొట్టాడో తెలిసేది కాదు.

1849 నవంబర్ 21న గవర్నర్ జనరల్ నార్సీసో క్లావెరియా ఒక ఉత్తర్వు ఇచ్చాడు. దాదాపు అరవై వేల ఇంటిపేర్లతో అక్షరక్రమంలో ఒక పట్టీ అచ్చువేయించి, ప్రతి జిల్లాకీ కొన్ని పేజీలు పంపాడు. జిల్లా అధికారి ఊళ్ళకి పంచాలి, ఊళ్ళో చర్చి ఫాదరూ ఊరిపెద్దా కలిసి ఇంటింటికీ ఒక పేరు ఇవ్వాలి. ఒక పేరు నాలుగు తరాలుగా వాడుతున్నట్టు చూపిస్తే దాన్నే ఉంచుకోవచ్చు. జాబితాలో స్పానిష్ పేర్లే కాదు, చెట్ల పేర్లు, ఊళ్ళ పేర్లు, స్థానిక భాషల మాటలు కూడా కలిపేశారు.

అధికారులు ఎక్కడైనా అధికారులే కదా. కొన్నిచోట్ల ఒక ఊరికి ఒక అక్షరం ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు. ఆల్బాయ్ జిల్లాలో ఓవాస్ అనే ఊరు ఉంది, అక్కడ ఇంటిపేర్లు ఇంగ్లిష్ 'ఆర్' అక్షరంతో మొదలవుతాయి. మా ఓడలో థర్డ్ మేట్ (డెక్ ఆఫీసరు) ఆ ఊరివాడే. స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు మొదటి పిల్లాడి నుంచి చివరి పిల్లాడిదాకా అందరూ ఆర్ ఏనట, అక్షరక్రమంలో చివరివాడు కూడా ఆర్ ఏ. ఇలోయిలో వైపు ఊరి పేరు ఏ అక్షరమో ఇంటిపేర్లూ అదే అక్షరంగా ఇచ్చిన ఊళ్ళున్నాయి: ఓటన్‌లో 'ఓ', టిగ్బావన్‌లో 'టి', గింబాల్‌లో 'జి'. ఈ లెక్కన ఫిలిప్పీన్స్‌లో ఒక గార్సియా అంటే తాతలనాడు 'జి' పేజీ అందిన ఇల్లు కావచ్చు, అంతకుముందే బాప్తిస్మంలో తెచ్చుకున్న పేరు కావచ్చు, అరుదుగా నిజంగానే స్పెయిన్ మనిషి కావచ్చు. అక్కడ గార్సియా మొదటి పది ఇంటిపేర్లలో ఉంటుంది. 1957 నుంచి 1961 దాకా దేశాధ్యక్షుడుగా ఉన్న కార్లోస్ పి. గార్సియా బోహోల్ దీవివాడు.

వాళ్ళ జాతీయ వీరుడు హోసే రిజాల్ ఇంటిపేరే చూడండి. తండ్రి వైపు మూలపురుషుడు చైనా నుంచి వచ్చిన వ్యాపారి. ఆయన 1731లో మెర్కాదో అనే స్పానిష్ పేరు పెట్టుకున్నాడు, అంటే బజారు. క్లావెరియా ఉత్తర్వు తర్వాత ఆ ఇంటికి రిజాల్ అనే రెండో పేరు తగిలింది. అన్నగారి మీద ప్రభుత్వానికి అనుమానం ఉండటంతో తమ్ముణ్ణి రిజాల్ పేరుతో బడికి పంపారు.

దీనికి పూర్తి తిరగేసిన ఉదాహరణ ఆఫ్రికాలో ఉంది. ఈక్వటోరియల్ గినీ 1968 దాకా స్పెయిన్ కింద ఉంది, అక్కడ అధికార భాష ఇప్పటికీ స్పానిష్. అధ్యక్షుడి పేరు తెయోదోరో ఒబియాంగ్ ఎన్‌గెమా. ముందు పేరు స్పానిష్, ఇంటిపేర్లు ఫాంగ్ జాతివి. పట్టీ అక్కడికి వెళ్ళలేదు మరి.

మనకి దగ్గర లింకు కావాలంటే గోవా. అక్కడి పేర్లు పోర్చుగీసువి: ఫెర్నాండెస్, రోడ్రిగ్స్. చివర 'స' ఉంటే పోర్చుగల్, 'జ' ఉంటే స్పెయిన్ అని బండగుర్తు. పణజిలో గార్సియా ద ఓర్తా పేరుతో ఒక పార్కు ఉంది. ఆయన 1563లో గోవాలో మందుమొక్కల మీద పుస్తకం అచ్చువేయించిన వైద్యుడు. ఆయన పేరులో గార్సియా ఇంటిపేరు కాదు, పెట్టిన పేరే. పాత వాడకం అలా మిగిలిపోయింది.

ఇంకో మాట, మీ ఆఫీసులో పనికొస్తుంది. స్పెయిన్, మెక్సికోలలో మనిషికి రెండు ఇంటిపేర్లు ఉంటాయి, ముందు తండ్రిది, తర్వాత తల్లిది. కాబట్టి ఆయన పేరులో చివరి ముక్క తీసి పిలిస్తే తల్లి ఇంటిపేరుతో పిలిచినట్టు. మరీ మామూలు పేరైతే వాళ్ళే రెండోదానికి మారిపోతారు. స్పెయిన్ మాజీ ప్రధాని రోడ్రిగెజ్ సపతేరోని అందరూ సపతేరో అనే అనేవారు. ఫిలిప్పీన్స్‌లో వరుస తిరగబడుతుంది: తల్లి ఇంటిపేరు మధ్యలో, తండ్రిది చివర. అధ్యక్షుడు గార్సియా పేరులో 'పి' అంటే వాళ్ళమ్మ ఇంటిపేరు పోలిస్తికో.

ఈ ఫారాల గొడవ నేనూ పడ్డాను. మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. మొదటి కాంట్రాక్ట్ తొమ్మిది నెలలూ ఓడ మీద నన్ను ఆ ఊరి పేరుతోనే పిలిచారు. ఎవరో బస్సుస్టాండులో కేకేస్తున్నట్టు ఉండేది. ఒకసారి టికెట్ తీసినవాడు ఇంటిపేరుని ముందు, అసలు పేరుని వెనక వేసి, కౌంటర్‌లో నన్ను గంటన్నర నిలబెట్టాడు. ఆ టెన్షన్‌లో పక్కన నిలబడ్డ రైస్ గార్సియా తన పాస్‌పోర్ట్ చూపించి, "మాకు ఈ బాధ లేదు సార్, మా పేర్లు పుస్తకంలోంచి వచ్చాయి" అన్నాడు.

మీ ఇద్దరు గార్సియాలనీ చుట్టాలా అని అడగకండి, సొంతూరు ఎక్కడని అడగండి. ఫిలిప్పీన్స్ ఆవిణ్ణి ఇంకొకటి కూడా అడగొచ్చు: మీ ఊళ్ళో పాత ఇళ్ళవాళ్ళ ఇంటిపేర్లన్నీ 'జి' తోనే మొదలవుతాయా? అవునంటే ఆ పేరు ఏ దారిన వచ్చిందో చాలావరకు తెలిసిపోయినట్టే.