కాశీలో ఎక్కడ తినాలి?

ప్రశ్న: డిసెంబరులో అత్తమామలతో కాశీ వెళ్తున్నాం. పోయినసారి ఆటో అతను దింపిన హోటల్లో ఇడ్లీ పుల్లగా ఉంది, బిల్లు మాత్రం ఘనంగా వచ్చింది. మంచి తిండి ఎలా వెతుక్కోవాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, కాశీ వెళ్ళి ఇడ్లీ అడగడమే మొదటి పొరపాటు! ఆటో అతను తనకు కమీషన్ ఇచ్చే చోటికే తీసుకెళ్తాడు. అతన్ని కాదు, మీ సత్రం ఊడ్చే మనిషిని అడగండి, ‘పొద్దున నువ్వెక్కడ తింటావు?’ అని.

పొద్దున్నే ఠఠేరీ బజారు వైపు నడవండి. దొన్నెలో వేడి కచోరీ, దాని మీద బంగాళాదుంప కూర, పక్కన జిలేబీ. ఏ కొట్టు ముందు ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు నిలబడి తింటున్నారో అక్కడ ఆగండి. కళాయి దించక ముందే వెళ్ళాలి సుమా.

మీరు చలికాలంలో వెళ్తున్నారు కనుక మలయ్యో వదలకండి. రాత్రంతా మంచులో ఉంచిన పాలను చిలికి తీసిన నురగ అది. కుంకుమపువ్వు రంగుతో మట్టి పిడతలో ఇస్తారు. నోట్లో పెట్టగానే మాయం. తినేశాక పిడత పారేయకండి, అందులోనే కాసిని తియ్యటి పాలు పోస్తారు. నాకైతే ఆ పాలే ఎక్కువ ఇష్టం. ఎండెక్కితే దొరకదు.

సాయంత్రం గోదౌలియా దగ్గర టమాటా చాట్. మధ్యాహ్నం మాత్రం పెద్దవాళ్ళకు పప్పన్నమే కావాలంటారు; పాండే హవేలీ వైపు తెలుగు సత్రాలున్నాయి, ముందురోజే చెప్పి ఉంచండి.