గ్రామ సంఘంలో బీపీ క్యాంపు పెట్టబోయే అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

సంఘం ఆడవాళ్ళకి గుండె పరీక్షల కార్యక్రమం పెడతామన్నావు. టెంటు, మైకు, ఫ్లెక్సీ తర్వాత చూద్దువుగాని, బీపీ ఎక్కువ తేలినవాళ్ళని ఎవరు, ఎక్కడికి తీసుకెళ్తారో ముందు తేల్చుకో. అది తేలకుండా పెడితే అరవైమందికి భయం పంచి పంపినట్టే.

కాబట్టి మొదట పీహెచ్‌సీకి వెళ్ళు. బీపీ, షుగరు వాళ్ళని ఏ రోజు చూస్తారు, మాత్రలు నెలకి సరిపడా ఇస్తున్నారా అని అడుగు. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్రలు స్టాకు లేని వారంలో క్యాంపు వద్దు. ఏఎన్‌ఎమ్మునీ ఆశా కార్యకర్తనీ కలుపుకో. ముప్పై దాటినవాళ్ళ వివరాలు వాళ్ళ ఫారాల్లో ఉంటాయి, అవే మళ్ళీ అడిగి ఎవర్నీ విసిగించకు.

మార్చి 8న పెట్టకు. ఆ రోజు అందరికీ సభలే, ఏఎన్‌ఎమ్ము నీకు దొరకదు. నాట్ల రోజులు, పత్తి తీసే రోజులు కూడా వద్దు. సంఘం మీటింగు రోజే మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే ఉపాధి పనికి వెళ్ళినవాళ్ళూ వస్తారు. ఆ వేళకి పరగడుపు షుగరు కుదరదు, మామూలుగానే చూడాలి. 140 దాటితే చీటీ రాసివ్వండి. అది షుగరు జబ్బని కాదు, పరగడుపున మళ్ళీ చూడాలని.

మనిషికి రెండుసార్లు బీపీ చూసి రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అంటే మిషనుకి గంటకి పన్నెండుమంది. అరవైమందికి రెండు మిషన్లుంటే రెండున్నర గంటలు. మణికట్టుకి కట్టేది కాదు, జబ్బకి కట్టేదే తెప్పించు. పెద్ద పట్టీ కూడా ఒకటి ఉండాలి. చుట్టుకొలత 32 సెం.మీ. దాటిన జబ్బకి మామూలు పట్టీ కడితే లేని బీపీ చూపిస్తుంది.

క్యాంపుల్లో లెక్క తప్పేది ఎక్కువగా కూర్చోబెట్టడం దగ్గరే. ఎండలో నడిచొచ్చిన మనిషికి వెంటనే చూస్తే ఎక్కువే వస్తుంది. వీపు ఆనుకునే కుర్చీలు ఐదు వరసగా వేసి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టు. బెంచీలు పనికిరావు. పాదాలు నేలకి ఆనాలి, అందనివాళ్ళకి కింద పీట వెయ్యి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. టీ తాగో, చుట్ట కాల్చో వస్తే అరగంట ఆపు. మూత్రం ఆపుకున్నా బీపీ పెరుగుతుంది గనక మరుగుదొడ్డి ఉన్న బడిలో పెట్టడం మేలు. అన్నిటికన్నా తంటా బిగుతు జాకెట్టు చేతులతో. పైకి మడిస్తే జబ్బని తాడులా పట్టేస్తాయి, అంకె తప్పొస్తుంది. చెయ్యి బయటికి తీయాలంటే చాటు కావాలి, రెండు పాత చీరలతో తెర కట్టించు. చూస్తున్నప్పుడు కబుర్లు వద్దు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడాలి. అంకెని గట్టిగా చదవనివ్వకు; పక్కింటావిడకి వినిపిస్తే మళ్ళీసారి ఎవరూ రారు.

140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మరో రోజు మళ్ళీ చూడాలి, అప్పటిదాకా బీపీ జబ్బని ముద్ర వెయ్యొద్దు. 180/110 అయితే ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాలి. దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు ఉంటే 108 పిలవండి.

తెర వెనకే ఏఎన్‌ఎమ్ము చేత ఇంకొన్ని అడిగించు. కాన్పప్పుడు బీపీ పెరిగిందా? గుర్రపువాతం, అదే కాన్పు ఫిట్స్, వచ్చిందా? కడుపుతో ఉన్నప్పుడు షుగరు తేలిందా? గర్భసంచి ఏ వయసులో తీశారు, అండాశయాలు కూడా తీసేశారా? మన రెండు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్లు చిన్న వయసులోనే ఎక్కువ జరిగాయి. అండాశయాలు ముందే పోయినవాళ్ళకి, కాన్పులో బీపీ వచ్చినవాళ్ళకి గుండెజబ్బు ముప్పు ఎక్కువ. ఇప్పుడు బీపీ మామూలుగా ఉన్నా ఏటా చూపించుకోవాలి. చుట్ట, ఖైనీ సంగతీ అడగాలి, తిట్టకుండా.

ఉపన్యాసం పావుగంట చాలు. ఆడవాళ్ళకీ గుండెపోటులో ఛాతీ నొప్పే ఎక్కువ, కానీ ఆయాసం, దవడ నొప్పి, వీపు నొప్పి, వాంతి, చెమటతోనూ రావచ్చు. గ్యాసని సోడా తాగి, పనంతా ముగించుకుని వెళ్దామనుకుంటే ఆలస్యమైపోతుందని గట్టిగా చెప్పించు. తర్వాత ఉప్పు. మనిషికి రోజుకి 5 గ్రాములు, ఒక టీస్పూను. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు యాభై రోజులు రావాలి, ఆవకాయలో కలిపింది, అప్పడాల్లోది కూడా ఇందులోదే. ప్యాకెట్టు తెరిచిన తేదీ దానిమీదే రాయమను. కలుపు తీసి వచ్చినవాళ్ళకి నడక గురించి చెప్పి నవ్వులపాలు కాకండి; అది బీడీలు చుట్టేవాళ్ళకి, మిషను కుట్టేవాళ్ళకి చెప్పాలి. తినడానికి మిర్చి బజ్జీ కాకుండా ఉడికించిన శనగలు, ఉప్పులేని మజ్జిగ పెట్టు.

ఇక బీపీ తేలినవాళ్ళ పేర్లు ఒక పుస్తకంలో రాసుకుని నెలనెలా విడిగా అడుగు. అంకె తగ్గింది కదా అని కొందరు మాత్ర మానేస్తారు. అమ్లోడిపిన్‌తో పాదాలు వాచి ఇంకొందరు మానేస్తారు. మానొద్దు, డాక్టరుకి చెబితే మందు మారుస్తారు. కడుపుతో ఉన్నవాళ్ళూ, పిల్లలు కావాలనుకునేవాళ్ళూ టెల్మిసార్టాన్ వాడకూడదు, ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పమను. మూడు నెలలకి అందరికీ మళ్ళీ చూసి, 140/90 లోపుకి ఎంతమంది వచ్చారో మండల సమాఖ్యకి అదే చెప్పు. ఎంతమంది హాజరయ్యారన్నది పెద్ద విషయం కాదు.

ఆ పుస్తకం సంఘం బీరువాలో పెట్టకు, దాన్ని అందరూ తెరుస్తారు.

మీ పెద్దమ్మ