పాడుబడ్డ సున్నపురాయి క్వారీని చెత్తతో పూడ్చవచ్చునా?

మంచిర్యాల వైపు మీ ఊరి శివారులో తవ్వకం ఆగిపోయిన సున్నపురాయి క్వారీని చెత్తతో పూడ్చి చదును చేయాలంటున్నారని, అది మంచిదేనా అని అడిగారు. ఆ ప్రాంతంలో చాలా ఏళ్లు సైన్సు బోధించినవాడిగా నా సమాధానం ఒక్కటే: పూడ్చనివ్వకండి.

మా బడికి దగ్గరలోనూ అలాంటి క్వారీ ఉండేది. పదో తరగతి పిల్లలను తీసుకువెళ్లినప్పుడు గోడంతా దుమ్ము కొట్టుకుపోయి, చూడడానికి ఏమీ లేనట్టే కనిపించింది. ఒక అమ్మాయి తన సీసాలోని నీళ్లు రాతి మీద పోయగానే, తడిసినంత మేరా సన్నని గీతలు ఒకదానిపై ఒకటి గోపురాల్లా ఉబ్బి తేలాయి. అవి స్ట్రోమటోలైట్లు, లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవుల జిగురు పొరలు సున్నపు రేణువులను పట్టి ఉంచుతూ పెరగగా ఏర్పడినవి. "సార్, దీంట్ల గవ్వలెందుకు లేవు?" అని ఆ అమ్మాయే అడిగింది. మన పాఖాల పేరుతోనే శాస్త్రజ్ఞులు పిలిచే ఆ శిలల వయసు నూరు కోట్ల ఏళ్లకు పైమాటే. గవ్వ గల జీవి అప్పటికి పుట్టనే లేదు. కొండ మీదైతే ఈ పొరలను మట్టీ పొదలూ కప్పేస్తాయి, క్వారీలో మాత్రం నిలువుగా కోసిన గోడ మీద వరుస చెడకుండా కనిపిస్తాయి.

తరువాత ఆ క్వారీని కూల్చిన ఇళ్ల శిథిలాలతో, కోళ్ల వ్యర్థాలతో నింపేశారు. ఆ పైన వచ్చిన పిల్లలకు నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పవలసి వచ్చింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. పైగా సున్నపురాయిలో పగుళ్లు నీటికి కరిగి వెడల్పవుతాయి గనుక, చెత్తలోంచి దిగే మురుగు సరిగా వడకట్టుకోకుండానే బావులకూ బోర్లకూ చేరగలదు.

భూపాలపల్లి జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే రాక్షసబల్లి (డైనోసార్) అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్స్ సెంటర్‌లో భద్రంగా ఉంది, సంతోషమే. కాని దాన్ని చూడాలంటే మన పిల్లలు అంత దూరం వెళ్లాలి. మీ క్వారీ గోడ ఊళ్లోనే ఉంది. ఇంగ్లండులో డడ్లీ పట్టణం పక్కనున్న రెన్స్ నెస్ట్ అనే పాత సున్నపురాయి గనుల గుట్టను, అక్కడి శిలాజాల విలువ తెలిసి, 1956లోనే జాతీయ ప్రకృతి రక్షిత స్థలంగా ప్రకటించారు.

నీళ్లు నిలిచే గుంతలో పిల్లలు పడతారన్న భయం సబబే. అందుకు అంచు చుట్టూ కంచె వేసి, దిగడానికి ఒక్క దారి ఉంచమని గ్రామసభలో అడగండి. అంతకన్నా ముందు, గోడకు స్కేలు ఆనించి ఫొటోలు తీసి, స్థలం వివరాలతో హైదరాబాదు బండ్లగూడలోని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి పంపండి. గోడను సుత్తితో కొట్టనివ్వకండి, నమూనాలకు కింద రాలిన రాళ్లు చాలు.